దండ పడిన పడవ

నల్లపాడు స్టేషను దాటి లారీ షెడ్ల వైపు వెళ్ళి "ఓడల బుడాన్ ఇల్లెక్కడ?" అని అడిగి చూడండి. మీ వంక ఎగాదిగా చూసి, ఒక నవ్వు నవ్వి, అప్పుడు దారి చెబుతారు. నవ్వరూ మరి! గుంటూరులో ఓడేమిటి? ఎటు చూసినా మిర్చి గోడౌన్లు, పత్తి బేళ్ళు. గాలి ఇటు తిరిగితే పేటంతా తుమ్ములు. నాలుగు బిందెల నీళ్ళు కావాలంటే ట్యాంకరు కోసం వీధిలో నిలబడాలి. అలాంటి చోట వరండాలో పీట వేసుక్కూర్చుని షేక్ బుడాన్ ఓడల బొమ్మలు గీస్తాడు. అతను గీసిన బొమ్మలు దేశదేశాల రేవులు తిరుగుతుంటాయి. గీసినవాడు మాత్రం మొన్న మొన్నటి దాకా మోకాటి లోతు దాటి నీళ్ళలో దిగి ఎరగడు.

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అన్నారు పెద్దలు. వాళ్ళేదో మాటవరసకు అన్నారు గానీ బుడాన్ విషయంలో అది అక్షరాలా జరిగింది. మీసం మొలిచినప్పటి నుంచీ అతను లారీలకు రంగులేశాడు. వెనక తలుపు మీద తామరపువ్వు, పక్కల రెక్కలు విప్పిన గద్ద, కింద "మళ్ళీ కలుద్దాం" అన్న అక్షరాలు. ఆ "మళ్ళీ" లోని "ళ" కింద అతను తిప్పే వంపు చూసి, ఇది బుడాన్ చెయ్యి అని ఒంగోలు దాబాల్లో డ్రైవర్లు గుర్తుపట్టేవారు. తర్వాత స్టిక్కర్లొచ్చాయి. బుడాన్ పూటంతా కూర్చుని వేసే తామరపువ్వును ఎవడో కుర్రాడు టీ తాగే లోపల అంటించి పారేస్తున్నాడు. బుడాన్ బ్రష్షులు డబ్బాలో ఎండిపోయాయి. భార్య జైతున్‌బీ గోడౌనులో మిరపకాయలకు తొడిమలు తీసే పనికి పోతుంటే, ఆ కూలితోనే పొయ్యి వెలిగింది.

అప్పుడొచ్చాడు నతానియేలు. కొత్తపట్నం మనిషి, సరుకుల ఓడలో వంటవాడు. సెలవు మీద వచ్చి, బావమరిది లారీ వెనక పాత తామరపువ్వు చూసి, ఇది గీసినవాణ్ణి వెతుక్కుంటూ నల్లపాడు వచ్చాడు. కొత్తిల్లు కట్టుకున్నాడట. హాల్లో తన ఓడ బొమ్మ పెట్టుకోవాలట. ఫోన్లో ఫోటో చూపించాడు. బుడాన్ కాసేపు చూసి, లారీ అయినా ఓడైనా మోసేది సరుకేగా అని ఒప్పుకున్నాడు. అలవాటు కొద్దీ "చక్రాలెన్ని?" అని కూడా అడిగాడంటుంది జైతున్‌బీ. అది ఆమె కల్పించిందని బుడాన్ ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. నాకైతే జైతున్‌బీ మాటే నమ్మబుద్ధవుతుంది.

ప్లైవుడ్ చెక్క మీద సుద్ద రాసిన దారం లాగి కొట్టి, నీళ్ళకీ ఆకాశానికీ హద్దు తీశాడు. దాని మీద లారీలకు వేసే ఇనామెల్ రంగుతోనే ఓడ గీశాడు. ఫోటోలో ఉన్న నిచ్చెన్లు, తాళ్ళు, కిటికీలు ఒక్కటి వదల్లేదు. అలలు ఎట్లా గీయాలో తెలియదు గనక తామరరేకులు వరసగా పేర్చాడు. ఓడ వెనక భాగం ఖాళీగా కనబడేసరికి చెయ్యి ఊరుకోక "మళ్ళీ కలుద్దాం" అని రాసేశాడు. నతానియేలు దాన్ని హాల్లో పెట్టలేదు. ఓడకే పట్టుకుపోయి వంటగదిలో తగిలించాడు. ఆ రెండు మాటలకు అర్థమేమిటని తోటివాళ్ళు అడిగారట. చెబితే, ఇల్లు విడిచి నెలల తరబడి నీళ్ళ మీద ఉండేవాళ్ళు కదా, ఒక్కొక్కడూ వచ్చి అలాంటిదే తమకూ కావాలన్నారు. అట్లా లారీల బుడాన్ ఓడల బుడాన్ అయ్యాడు.

అతని గురించి రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, మనుషుల్ని గీయడు. పూర్వం ఒక లారీ ఓనరు కేబిన్ తలుపు మీద పోయిన తండ్రిని గీయమంటే గీశాడు. ఆ ముఖం అచ్చంగా ఓనరుగారి మామగారిలా వచ్చింది, ఆ అల్లుడికీ మామకూ పదేళ్ళ నుంచీ మాటల్లేవు. ఆ రోజుతో ముఖాల జోలికి పోనని చెంపలేసుకున్నాడు. రెండోది, కొసరు. సంతలో వంకాయలు కొన్నవాడికి పైన ఒక కాయ వేసినట్టు, బుడాన్ ఏ బొమ్మకైనా అడగనిది ఒకటి కలిపి ఇస్తాడు. ఒకరికి పైన ఎగిరే కొంగ, ఇంకొకరికి మూల చందమామ. కొసరు లేని బేరం ఉప్పులేని పప్పు అంటాడు. ఆ ఉప్పే ఒకసారి ఎక్కువై కొంప మీదికొచ్చింది.

కొత్తపట్నంలో నతానియేలు ఇంటి పక్కనే చెంచురామయ్య ఇల్లు. వేటకెళ్ళే ఫైబర్ బోటు ఒకటి ఉంది. ఆ బోటుకు భార్య పేరే పెట్టుకున్నాడు, మల్లేశ్వరి అని. వేట నిషేధం రోజులు, బోటు ఒడ్డున ఉంది, మనిషికి తోచడం లేదు. నతానియేలు ఓడ బొమ్మ గురించి విని, నా బోటేం తక్కువ అనుకున్నాడు. బుడాన్‌కి ఫోన్ చేసి, బోటు ఫోటోలు పంపి, మల్లేశ్వరికి తెలియకుండా గీసిపెట్టమన్నాడు. వేట మొదలయ్యే ముందు ఆమె ఆశ్చర్యపోవాలట.

ఆశ్చర్యం సంగతి చివర చూద్దాం. బుడాన్ ఆ బోటును ప్రాణం పెట్టి గీశాడు. నీలం పట్టీ, ఎర్ర అంచు, ముక్కు మీద రెండు కళ్ళు. కింద ముత్యాల్లాంటి అక్షరాలతో "మల్లేశ్వరి" అని పేరు రాశాడు. పేరు కింద, బోటును మొదటిసారి నీళ్ళలోకి దించిన తేదీ రాశాడు. ఇక కొసరు. దసరాకి లారీ ముందు అద్దం చుట్టూ బంతిపూల దండ వేస్తారు కదా, దానికి మించిన మర్యాద బండికి ఏముంది అనుకున్నాడు. పై అంచు మధ్య నుంచి అటూ ఇటూ జారేలా, చుట్టూ నిండుగా బంతిపూల దండ గీశాడు. ఫ్రేము కట్టించి, గుడ్డ చుట్టి, ఒంగోలు పోయే లారీలో పంపించాడు.

ఏమైందో తెలివైనవాళ్ళకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఫ్రేము, దండ, కింద పేరు, పేరు కింద తేదీ. తెలుగువాళ్ళ ఇంట్లో గోడ మీద అలాంటి పటం ఎవరికి పెడతారు?

చెంచురామయ్య దాన్ని హాల్లో తగిలించి టీకొట్టుకు వెళ్ళాడు. మల్లేశ్వరి పెరట్లో చేపలు కడుగుతోంది. సరిగ్గా అప్పుడే పొన్నూరు నుంచి ఆమె మేనత్త దిగింది. ముసలామెకు కంటి మసక. బొమ్మలో ఉన్నది ఆడమనిషో బోటో కనబడలేదు గానీ, దండ కనబడింది, పెద్ద అక్షరాల్లో పేరు కనబడింది. గుమ్మంలోనే సంచీ వదిలేసి, మాటన్నా చెప్పకుండా పోయావా తల్లీ అంటూ గుండెలు బాదుకుంది. ఆ ఏడుపుకు వీధి వీధంతా వచ్చిపడింది. వచ్చినవాళ్ళు గుమ్మం బయటి నుంచే గోడ మీది దండ, పేరు చూసి గొంతు కలిపారు. నలుగురు మొగాళ్ళు అప్పుడే వెదుళ్ళ కోసం బయల్దేరారు. ఎవరి కోసమో తెలియక, చుట్టాలెవరో పోయారనుకుని మల్లేశ్వరి కూడా చేపల చేత్తోనే వచ్చి గుంపులో నిలబడి కాసేపు ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ, పోయిందెవరని పక్కావిణ్ణి అడిగింది. పక్కావిడ తల తిప్పి చూసి, కెవ్వుమని వెల్లకిలా పడిపోయింది.

ఆ తర్వాత చెంచురామయ్యకు జరిగిన మర్యాద గురించి నేను చెప్పను. బతికుండగానే దండేశావంటూ మల్లేశ్వరి అతన్ని దిక్కుమాలినోడా అని మొదలుపెట్టి, మూడు తరాల వెనక్కి వెళ్ళిందని మాత్రం చెబుతాను.

ఇంతవరకూ నవ్వుకునే సంగతే. అసలు చిక్కు మర్నాడొచ్చింది. వేట మొదలైంది. అన్ని బోట్లూ కదిలాయి. చెంచురామయ్య బోటు ఎక్కాల్సిన మనుషులు మాత్రం చేతులు కట్టుకుని ఇసకలో నిలబడ్డారు. వాళ్ళకు పెద్ద కోటేష్. మనిషికి దండ పడలేదు సరే, బోటుకైతే పడిందిగా, దండ పడినదాన్ని ఎవడెక్కుతాడని అతని వాదన. చెంచురామయ్య బతిమాలాడు, కోప్పడ్డాడు. లాభం లేదు. పక్క బోట్లు వంజరాలతో తిరిగొస్తుంటే అతని బోటు కాకులకు కూర్చునే చోటైంది. ఆ బోటు మీద నాలుగిళ్ళు బతకాలి.

నల్లపాడులో బుడాన్‌కి గోరుచుట్టు మీద రోకటి పోటు. బుడాన్ గీస్తే ఓడకు దండ పడుద్దట అన్న మాట ఫోన్లకెక్కింది. ఓడల్లో పనిచేసేవాళ్ళకు ఈ నమ్మకాలు మనకంటే నాలుగాకులు ఎక్కువే. ఎక్కడో నడిసముద్రంలో ఉన్నవాడు బొమ్మను గోడ మీంచి దించి మంచం కింద పెట్టానని వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఇంకొకడు గీయమన్న బొమ్మ వద్దన్నాడు. చివరికి నతానియేలు కూడా, చూడన్నా, ఇది సర్దుకునేదాకా నీ పేరు నేను ఎవరికీ చెప్పలేను అన్నాడు. బుడాన్‌కి ఆ రాత్రి అన్నం సయించలేదు. లారీలు పోయాయి, ఇప్పుడు ఓడలూ పోతే ఇక గీయడానికి ఏం మిగులుతుంది? ఈ వయసులో తొడిమలు తీయడం నేర్చుకోవాలా? ఆ బోటు నీళ్ళలోకి వెళ్ళి రావాలి. అది తప్ప తన పేరుకు వేరే మందు లేదు.

చెంచురామయ్య రమ్మని ఫోన్ చేశాడు. బుడాన్ బస్సెక్కి ఒంగోలు, అక్కణ్ణుంచి కొత్తపట్నం చేరాడు. ఇసకలో పంచాయితీ పెట్టారు. లారీలకు దండ శుభమని, తాను మర్యాదకే గీశానని బుడాన్ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. కోటేష్ అంతా విని, బీడీ ఆర్పాడు.

"శుభమేనా సాయిబూ? అయితే ముందు నువ్వెక్కు."

అందరూ బుడాన్ వైపు చూశారు. సముద్రం కూడా చూస్తున్నట్టే ఉంది. తనకు ఈత రాదని, బీపీ ఉందని, జైతున్‌బీకి చెప్పి రాలేదని అతని నోటి దాకా వచ్చాయి. కానీ తాను వెనక్కి తగ్గితే, ఆ దండ నిజంగానే చావు దండ అని ఒప్పుకున్నట్టవుతుంది. లుంగీ ఎగ్గట్టి ఎక్కాడు. సిగ్గుపడి కోటేష్ వాళ్ళూ ఎక్కారు.

ఓడల బుడాన్ సముద్రం మీద ఏం చేశాడని అడక్కండి. అలలు తామరరేకుల్లా ఉండవని మొదటి అలకే తెలిసింది. రెండో అలకు పొద్దున తిన్న ఇడ్లీ, మూడో అలకు రాత్రి తినని అన్నం కూడా బయటికొచ్చాయి. ఇక బోటు అంచు పట్టుకుని, తల నీళ్ళలోకి వేలాడేసి, తెలిసిన దువాలన్నీ చదివాడు. మధ్యలో ఒక్కసారి మాత్రం తలెత్తి వెనక్కి చూశాడు. సరుగుడు తోటలు సన్నగా ఒక గీతలా అయిపోయాయి. ఆ గీత ముందు, ఇసకలో, నడుం మీద చెయ్యి వేసుకుని ఒక మనిషి నిలబడి ఉంది. మల్లేశ్వరి. చెంచురామయ్య ఇంజను పట్టుకుని, ముందుకు చూడాల్సినవాడు, మాటిమాటికీ అటే చూస్తున్నాడు. బుడాన్‌కి అది చాలా నచ్చింది. వెంటనే మళ్ళీ కక్కుకున్నాడు.

బోటు క్షేమంగా ఒడ్డుకొచ్చింది, చేపలూ పడ్డాయి. బుడాన్‌ని బస్తాలా దింపి ఇసకలో పడుకోబెట్టారు. గట్టెక్కామనుకున్నాడు పాపం. కోటేష్ వచ్చి పక్కన కూర్చుని, సాయిబు ఉన్నాడు గనక బోటు తిరిగొచ్చింది, మరి రేపు ఎట్లా అన్నాడు. రోజూ వస్తే ఒక వాటా ఇద్దామని మిగతావాళ్ళు కూడా అన్నారు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. మల్లేశ్వరి పటం తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది.

"అన్నా, నీ మీద నాకు కోపం లేదు. ఈ దండ మాత్రం నా గోడ మీద వద్దు."

సాయంత్రానికి ఉప్పు పట్టిన లుంగీతో, చంకలో పటంతో ఇల్లు చేరాడు. సంగతంతా విని జైతున్‌బీ అతన్ని ఎగాదిగా చూసింది. ఆమె అలా చూస్తే బుడాన్‌కి సముద్రం కంటే భయం. ఆమె లోపలికెళ్ళి గుప్పెట్లో కల్లుప్పు, ఎండు మిరపకాయలు పట్టుకొచ్చింది. అతన్ని గుమ్మంలో నిలబెట్టి తల చుట్టూ తిప్పి, ఇనప గరిటెలో వేసి గ్యాసు మంట మీద పెట్టింది. కాయలు మాడి నల్లబడ్డాయి. ఇద్దరూ తుమ్ముదామని చూశారు. తుమ్ము రాలేదు. గుంటూరు మిరపకాయ మాడితే ఘాటు రాకపోవడం మాటలా?

"చూశావా, ఎంత దిష్టి ఉందో! ఘాటే రాలా."

"నాకెవరు పెడతారే దిష్టి? ఊరూరా తిడుతుంటే."

"బతికున్నోళ్ళకు గాక చచ్చినోళ్ళకు తగులుద్దా దిష్టి?" అని ఆమె విసుక్కుని గరిటె కడగడానికి వెళ్ళిపోయింది.

బుడాన్ గుమ్మంలోనే ఉండిపోయాడు. అవును గదా! చచ్చినవాళ్ళకు దండ వేస్తారు గానీ దిష్టి తీయరు. దిష్టి తగిలిందంటే మనిషి బతికున్నాడన్నమాట. పటం గోడకు ఆనించి, పసుపు డబ్బా మూత తీశాడు. ఒక్కో బంతిపువ్వు మీద పసుపు పూసి, కొసలు లాగి, నిమ్మకాయ చేశాడు. నిమ్మకాయకూ నిమ్మకాయకూ మధ్య మిరపకాయలు గుచ్చాడు, కొన్ని పచ్చివి, కొన్ని పండువి. వాటికి తొడిమలెలా ఉంటాయో జైతున్‌బీని అడిగి మరీ గీశాడు. రోజూ వేలకొద్దీ తుంచే మనిషి, వంక పెట్టకుండా ఉంటుందా, రెండుసార్లు చెరిపించింది. బోటు చుట్టూ ఉన్న చావు దండ కాస్తా, ఊళ్ళో ఏ లారీకీ లేనంత పెద్ద దిష్టి దండ అయింది. తేదీ మీద నీలం రంగు పూసి నీళ్ళు చేసేశాడు.

రంగు ఆరీ ఆరకముందే పటమూ బ్రష్షులూ పట్టుకుని బుడాన్ కొత్తపట్నం చేరాడు. కోటేష్ దగ్గరికొచ్చి, దూరం జరిగి, తల అటూ ఇటూ వంచి చూశాడు. దిష్టి కట్టారంటే బతికున్నట్టేలే అన్నాడు చివరికి. ఆ ఒక్క మాటతో మిగతావాళ్ళు వలలు సర్దుకోవడానికి వెళ్ళారు. చెంచురామయ్య వాళ్ళ వెనకే పరుగెత్తాడు.

మల్లేశ్వరి కదల్లేదు. పటాన్ని ఆ మూల నుంచి ఈ మూల దాకా వెతికింది.

"బాగుందన్నా. మరి మనుషులేరీ ఇందులో?"

తాను మనుషుల్ని గీయనని, ముఖాలు తనకు కుదరవని బుడాన్ నసిగాడు. ఆమె వీధి గుమ్మం వైపొకసారి చూసి గొంతు తగ్గించింది.

"మొగం బాగా రాకపోతే మానె. ఇంజను దగ్గర ఆయన్ని నిలబెట్టు. నిలబెట్టి, చెంప మీద చుక్క పెట్టు."

వారం రోజులుగా ఆ మనిషిని దిక్కుమాలినోడని తప్ప పిలవని ఆడది! బుడాన్ సన్న బ్రష్షు తీశాడు. చింతగింజంత మనిషిని ఇంజను పక్కన నిలబెట్టాడు. తలను ఒడ్డు వైపు తిప్పాడు. చీపురు పుల్ల నల్లరంగులో ముంచి, ఊపిరి బిగబట్టి, చెంప మీద చుక్క పెట్టాడు. పెట్టాక, చెయ్యి ఊరుకుంటేగా. కొసరు ఉండాలిగా.

బోటు అతను లేకుండా వెళ్ళింది, అతను లేకుండానే తిరిగొచ్చింది. మర్నాడూ అంతే. ఆ వారంలోనే నడిసముద్రంలో ఉన్నవాడు తన బొమ్మకూ మిరపకాయలు కట్టి పంపమని మెసేజ్ పెట్టాడు. నతానియేలు అన్నా అంటూ మళ్ళీ ఫోన్ చేశాడు.

అంతకుముందే, ఆ చుక్క పెట్టి కొత్తపట్నం నుంచి చేపల సంచీతో తిరిగొచ్చిన రోజు సాయంత్రం, బుడాన్ ఆ పటం ఫోటోను జైతున్‌బీకి చూపించాడు. ఆమె అప్పుడే గోడౌను నుంచి వచ్చింది. మండుతున్న వేళ్ళను కొంగుకు తుడుచుకుని బొమ్మను పెద్దది చేసింది. నిమ్మకాయలు చూసింది, తొడిమలు చూసింది, చెంచురామయ్య చెంప మీది చుక్క చూసింది. బోటు చివర దాకా జరిపి ఆగింది. అక్కడ అంచు మీద బోర్లాపడి, తల నీళ్ళలోకి వేలాడేసి, కాళ్ళు పైకెత్తిన లుంగీ మనిషి ఒకడున్నాడు.

"ఈ దిక్కుమాలిన అవతారం ఎవరిది?"

"నాదే."

జైతున్‌బీ నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు. ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని వెతుకుతోంది.

"ఆయన చెంపకు చుక్కుంది. నీకేది?"

"మొగం నీళ్ళలో ఉంటే చుక్క ఎక్కడ పెట్టనే?"

"కాళ్ళు పైకే ఉన్నయిగా. అరికాల్లో పెట్టు."

ఆ ఒక్క చుక్క కోసం, చీపురు పుల్ల జేబులో పెట్టుకుని, బుడాన్ మర్నాడు పొద్దున్నే మళ్ళీ కొత్తపట్నం బస్సెక్కాడు.